కొనువాడు కానరాని వర్తకము



మన సంఘ వార్షికమహాసభా సంచికకు చరిత్రవిషయకమైన వ్యాసమొకటి పంపవలసినదని కార్యనిర్వాహకవర్గమువారు నన్ను కోరియున్నారు. ఏ విషయమునుగూర్చి వ్రాయవలయునని నేనడుగగా వారిలో పిన్నవయస్కులొకరు, "అయ్యవారూ, పెనుగొండ క్షేత్రమాహాత్మ్యమును, గోత్రములను గూర్చి వ్రాసినవారు మనలో పలువురున్నారు. మా పిల్లలు అంగడిని సెల్‌ఫోనులోనికి ఎక్కించుచున్నారు. దానికి మన పూర్వచరిత్రలో నెచ్చటనైన చోటున్నదా, చెప్పుడు" అనిరి. పరిహాసముగా ననిరో, నిజముగా తెలిసికొనగోరి యనిరో నేనెరుగను. ఆ ప్రశ్నమాత్రము నా మనస్సును విడువలేదు.

ఆన్‌లైను అంగడి యనగా నేమో ఎరుగనివారు నేడు మనలో లేరు. కొనువాడు సరుకును చేతబట్టి చూడడు. అమ్మువాడు కొనువాని ముఖమెరుగడు. సరుకు ఒక దారిని పోవును, సొమ్ము వేరొక దారిని వచ్చును. ఈ రెంటినడుమ మూడవవాడొకడు నిలిచి యిరువురకును పూటపడును. ఇది కనివిని యెరుగని వింతయని మన పిల్లలును, కనివిని యెరుగని యుపద్రవమని మన పెద్దలును తలచుచున్నారు. నా మతమున నిది రెండునుగాదు. కొనువాడు కానరాని వర్తకము తెలుగుదేశమునకు ఏడెనిమిది వందల యేండ్లనుండి శాసనసాక్ష్యముతో తెలిసినదే. ప్రతికాలమునందును తేలవలసిన ప్రశ్న యొక్కటే. ఆ పూటపడు మూడవవాడెవడు? పద్దుపుస్తకము వానియొద్ద నుండునా, మనయొద్ద నుండునా?

ముందుగా మన సీమను గూర్చి రెండు మాటలు. కలువాయి వెలిగొండల తూర్పుపాదముల చెంతనున్న యూరు. ఇటు రాపూరు, అటు ఆత్మకూరు, ఉదయగిరులు, అంతయు మెట్టసీమ. బెజవాడను మద్రాసుతో కలుపు రైలుమార్గము 1899 నాటికి నెల్లూరు, గూడూరుల మీదుగా పూర్తియైనను, అది సముద్రతీరపు ప్రక్కనే పోయినదిగాని పడమటికి తొంగిచూడలేదు. నడికుడి–శ్రీకాళహస్తి మార్గపు నిర్మాణము మన కాలమున సాగుచున్నది. అందుచేత దూరపు బేరమనిన మనవారికి తరతరములుగా ఎడ్లబండి, పిమ్మట బస్సు, లారీ. సరుకులు మాత్రము మనకు కొదువలేదు. కలువాయి, పొదలకూరు, సైదాపురపు ప్రాంతములందు నిమ్మతోటలు, ఉదయగిరియందు చెక్కగరిటెలు, దక్షిణమున వెంకటగిరియందు చీరలు. వీనిని కొనువారు ఏనాడును మన సంతలో నిలబడినవారు కారు. కలకత్తాలోనో, ఢిల్లీలోనో, నేడు అమెరికాలోనో యున్నవారు.

మైసూరున శామశాస్త్రిగారు 1909లో కౌటిల్యుని యర్థశాస్త్రమును మొట్టమొదట నచ్చువేయించిన పిమ్మట, ప్రాచీనవర్తకమునకు గల కట్టుబాట్లు లోకమునకు తెలియవచ్చినవి. అందు పణ్యాధ్యక్షుడను నధికారికి ప్రత్యేకప్రకరణము గలదు. ప్రజలకు బాధకలిగించు లాభము ఎంతపెద్దదైనను దానిని మానవలెనని యందున్నది. వైదేహకులు, అనగా వర్తకులు, అనుమతింపబడిన కొనుగోలు ధరపై స్వదేశపు సరుకునకు నూటికి అయిదు, పరదేశపు సరుకునకు నూటికి పది మాత్రమే లాభము పొందవలెనని వేరొకచోట గలదు. నేడు గొప్పగొప్ప ఆన్‌లైను సంస్థలు చిన్నవర్తకునినుండి కోసికొను కమీషనును, బట్వాడాఖర్చును, ప్రకటనఖర్చును కలిపి లెక్కించుకొన్నవా రెవరైన నీ సభలో నున్నచో, కౌటిల్యుడు వారికి మిక్కిలి ధర్మాత్ముడుగ దోచును. రాజనీతియందు ఆయనకున్న కాఠిన్యము లోకమెరిగినదే. అట్టివాడు సైతము నడుమనున్నవాని లాభమునకు హద్దు గీచెను.

ఇక మన తెలుగురేవులకు వత్తము. నేటి బాపట్లజిల్లాలోని మోటుపల్లి కాకతీయుల నాటి గొప్ప రేవుపట్టణము. అచ్చట గణపతిదేవచక్రవర్తి శకవర్షములు 1166, అనగా క్రీస్తుశకము 1244న నిలిపించిన యభయశాసనమును మన వర్తకసంఘములన్నియు ప్రతిసంవత్సరము చదువదగునని నా తలంపు. అంతకుమున్ను రాజులకొక యాచారముండెడిది. ఓడ యొకటి ఒకదేశమునకు బయలుదేరి తుపానుచే కొట్టుకొనివచ్చి వేరొక తీరమున తగులుకొన్నచో, అందలి బంగారమును, ఏనుగులను, గుఱ్ఱములను, రత్నములను, సర్వస్వమును ఆ తీరపు రాజు లాగికొనెడివాడు. గణపతిదేవు డీ యాచారమును మాన్పించెను. ప్రాణములకు తెగించి సముద్రముపై వచ్చు వర్తకులయెడ దయదలచి, నియతమైన సుంకముదప్ప తక్కినదంతయు వారిదేయని శిలపై చెక్కించెను. ఆ సుంకము ముప్పదింట నొకవంతు. చందనము, కర్పూరము, దంతము, ముత్యములు, పగడములు, రాగి, సీసము, పట్టు, మిరియములు, పోకలు మొదలగు సరుకులకు సుంకములును అందు వేయబడినవి. ఇచ్చట గమనింపవలసిన విశేషమేమన, ఆ శాసనమును నమ్మి రావలసినవారు మోటుపల్లి నెన్నడును చూచినవారు కారు. అరబ్బుదేశముననో, చీనాదేశముననో యున్నవారు. అపరిచితుడైన వర్తకుడు నష్టపోయినప్పుడు వాని సొత్తు వానికి దక్కునను మాటయే ఆ రేవునకు పెట్టుబడి. ఆ శతాబ్దాంతమున వచ్చిన మార్కోపోలో యీ దేశపు సన్ననివస్త్రములను మెచ్చుకొని వ్రాసినాడు. కాకతిరాజ్యము కూలినపిమ్మట 1358లో కొండవీటి అనపోతారెడ్డియు అదే మోటుపల్లియందు వర్తకులకు మరల నభయమిచ్చి శాసనము వేయించినాడు. రాజులు మారినను రేవు బ్రతుకుటకు ఆ మాట మరల చెప్పవలసివచ్చెనన్నమాట.

ఆన్‌లైను అంగళ్ళవారు నేడు "సరుకు నచ్చకున్న తిరిగి పంపవచ్చును, సొమ్ము వాపసు" అని వ్రాయునది యీ యభయశాసనమునకు చిన్నతమ్ముడే. మోటుపల్లిశాసనము రక్షించినది అమ్మవచ్చినవానిని. నేటిది రక్షించునది కొనువానిని మాత్రమే. వాపసువచ్చిన పగిలిన సీసాఖర్చు ఎవరి పద్దున వ్రాయబడుచున్నదో మన చిన్నవర్తకులకు చెప్పనక్కరలేదు.

మోటుపల్లినుండి మన సొంతతీరమునకు దిగుదము. దుర్గరాజపట్నము పులికాటు సరస్సునకు ఉత్తరమున నున్న రేవు. ఇంగ్లీషువారు దానిని ఆర్మగాము అనిరి. మచిలీపట్టణమున 1611లో కొట్టు పెట్టిన యింగ్లీషు ఈస్టిండియా కంపెనీవారు 1626లో ఇచ్చటికి వచ్చి కోటకట్టుకొనిరి. చెన్నపట్టణము పుట్టకముందు ఈ తీరమున వారికి గల బలమైన స్థానము మన నెల్లూరుసీమదే యన్న సంగతి మన పిల్లలకు పాఠములలో చెప్పబడకున్నది. వారు వచ్చినది దేనికి? బట్టలకు. తూర్పుదీవులవారు సుగంధద్రవ్యములకు వెండినికాక తెలుగుబట్టలను కోరెడివారు. జావాలోని స్త్రీ యేరంగును కట్టునో, ఏయంచును మెచ్చునో కంపెనీ గుమాస్తాకు తెలియును, మన సాలెవానికి తెలియదు. నమూనా చూపి, బయానా యిచ్చి, గడువుపెట్టి నేయించెడివారు. బయానా పుచ్చుకొన్ననాటినుండి సాలెవాడు ఋణస్థుడు. ఋణమెంత మిగిలెనో చెప్పునది కంపెనీయింటిలోని పుస్తకము. నడుమ నిలిచినవారు దుబాసులును, మన తెలుగు వర్తకులును. వారిలో మన కులమువారును ఉండిరని గర్వపడువారు, సాలెవాని పద్దు ఎట్లు వ్రాయబడెనో యనియు ఒకింత యోచింపవలెను.

దుర్గరాజపట్నమున సరుకు చాలినంత చౌకగా దొరకలేదు. ఫ్రాన్సిస్ డే యనువాడు 1639లో మద్రాసుపట్నమునకు కౌలు సంపాదించెను. 1640లో కంపెనీ దుర్గరాజపట్నమును విడిచి యచ్చటికి తరలిపోయెను. మన తీరమున కోట గోడలు మిగిలెను. పిమ్మట 1734లో ఆ కంపెనీవారే మద్రాసునందు నేతగాండ్రను, నూలువడుకువారిని, అద్దకపువారిని ఒకచోట కూర్చి చింతాద్రిపేటను కట్టిరి. చిన్నతరి, అనగా చిన్నమగ్గముల పేటయని దాని పేరునకు అర్థము. కొనువాని మనస్సు తెలిసినవాడు చోటుమార్చినచో వాని వెంట మగ్గము నడిచిపోవలసినదే గాని, మగ్గము వెంట వాడు నడువడు. ఇది 1640నాటి కథయైనను 2020నాటిదియే యని నాకు తోచుచుండును.

హుండీని గూర్చి కొంచెము. వర్తకులకు హుండీ నేను నేర్పవలసినదికాదు గనుక క్లుప్తముగా. చూపినంతనే చెల్లవలసినది దర్శనీహుండీ, గడువుపై చెల్లవలసినది ముద్దతీహుండీ, పేరుపడిన షావుకారుకే చెల్లింపదగినది శాహజోగుహుండీ. 1881లో తెల్లప్రభుత్వమువారు చెక్కులకును, ప్రామిసరీనోట్లకును చట్టము చేసినప్పుడు, దేశభాషలలోని పత్రములకు సంబంధించిన స్థానికాచారములను ఆ చట్టము బాధింపదని మొదటి సెక్షనులోనే వ్రాసిరి. అనగా వర్తకుల మాటకు గల మర్యాద చట్టమునకు ముందే చెల్లుబాటైయుండెనని ప్రభుత్వమే యొప్పుకొన్నది. 2016లో వచ్చిన యూపీఐ చెల్లింపు దర్శనీహుండీకి మనుమరాలు. భేదమొక్కటే. హుండీపై షావుకారు పేరుండెడిది. సెల్‌ఫోనుపై బ్యాంకు పేరుండును.

నా దృష్టిలో ఆన్‌లైను అంగడికి నిజమైన తల్లి తపాలా కచేరి. 1854లో తపాలాచట్టము వచ్చి దేశమంతటికిని అరణా యుత్తరము నిచ్చెను. 1877లో వి.పి.పి., అనగా సరుకు ముట్టినప్పుడు పోస్టుమానుకు సొమ్ముచెల్లించు పద్ధతి, వచ్చెను. 1880లో మనియార్డరు. ఈ మూడింటితో మెట్టపల్లెలో కూర్చున్నవాడు మద్రాసు సరుకును తెప్పించుకొనగలిగెను. నెల్లూరుజిల్లాలోని వావిళ్ళ గ్రామపు పేరే యింటిపేరుగా గల రామస్వామిశాస్త్రులవారు 1854లోనే చెన్నపురియందు ముద్రాక్షరశాల స్థాపించి సంస్కృతగ్రంథములను తెలుగులిపిలో నచ్చువేయించిరి. ఆ తెలుగులిపి ముద్రణ లేకున్నచో నావంటి పల్లెవాడు కావ్యములను చదివియుండడు. నా చిన్నతనమున వావిళ్ళవారి పుస్తకములు మాయింటికి వి.పి.లో వచ్చెడివి. పోస్టుమాను వరండాలో కూర్చుండి సొమ్ములెక్కించుకొనువరకు కట్టుపై దారము విప్పరాదు. ఆ దారము విప్పువేళ మాయింట నున్న నిశ్శబ్దము నాకిప్పటికిని చెవులలో నున్నది. పుస్తకములో పుటలు తక్కువైనవని గాని, జాబితాలో జెప్పిన టీక లేదని గాని మా తండ్రిగారు ఎన్నడును అనగా వినలేదు. ఆ ముద్రాలయమువారు మా తండ్రిగారి నెన్నడును చూడలేదు. చూడనివానికి సరిగా పంపుటయే వారి కీర్తి.

కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయియందు అమృతాంజనమును తయారుచేసి, సంగీతసభలలో ఉచితముగా పంచిపెట్టినారని పెద్దలు చెప్పుదురు. ముందు రుచి, పిమ్మట ధర. ఆయన 1908లో ఆంధ్రపత్రికను ప్రారంభించినది ఆ తలనొప్పిమందు తెచ్చిన సొమ్ముతోనే గదా! దేశాభిమానమునకు దేశీయవ్యాపారము ధాతువు కాగలదనుటకు ఇంతకుమించిన యుదాహరణము నాకు తెలియదు. పత్రికలలో ప్రకటన చూచి, కార్డు వ్రాసి, వి.పి.లో తెప్పించుకొనుట యనునది మన తాతలకు ఆన్‌లైను బేరమే. మన దేశమున ప్రజలకు ఇంటర్నెట్టు 1995 ఆగస్టు 15న వచ్చెను. 2007లో బెంగుళూరున ఫ్లిప్‌కార్టు పుస్తకములనే యమ్ముచు మొదలయ్యెను. కార్డు సంఖ్యలు తెలుపుటకు జనులు జంకుచుండగా, వారు 2010లో "సరుకు ముట్టినప్పుడు సొమ్ము" అను పద్ధతి నుంచిరి. అందరును అద్భుతమనిరి. నేను చదివి నవ్వుకొంటిని. అది 1877నాటి వి.పి.పి. కాక మరేమి?

వి.పి.పి.కిని నేటి పద్ధతికిని గల ముఖ్యభేదమును మాత్రము చిన్నదిగా తలపరాదు. తపాలాశాఖ సరుకును మోసెను, సొమ్మును తెచ్చెను, కూలి పుచ్చుకొనెను. కొనువాడెవడో, మరల నేమి కొనునో, వాని వీధియేదో వావిళ్ళవారి పుస్తకముననే యుండెను. నేటి పెద్దసంస్థలు ఆ జాబితాను తమయొద్ద నుంచుకొనుచున్నవి. అమ్మినవానికి కొనినవాడెవడో తెలియదు. వేయిమంది మన ఊరగాయను మెచ్చినను, రేపు ఆ సంస్థ మనల నట్టడుగున చూపినచో, ఆ వేయిమందిని మనము పిలువజాలము. దుర్గరాజపట్నపు సాలెవాడును ఇంతే. జావా స్త్రీ తన బట్టను మెచ్చినదని వానికెన్నడును తెలియలేదు.

ఇట్లనుటవలన ఆన్‌లైను అంగడి వలదని నేననుచున్నట్లు తలపవలదు. అక్కరలేదనుటకు మన పల్లెటూరి చిల్లరకొట్ల స్థితి చూచినవా డెవడును సాహసింపడు. పిల్లలు నెల్లూరికి, బెంగుళూరికి పోయినారు. తక్కెడపట్టువారు లేక తాళములుపడిన అంగళ్ళు మనలో ప్రతియూరునను గలవు. నా శిష్యుడొకడు తండ్రిపిమ్మట కొట్టును విడువక నిలిచినాడు. వాని భార్య పెట్టు నిమ్మకాయయూరగాయకు చుట్టుప్రక్కల పేరున్నది. మూడేండ్లక్రింద నొక పెద్ద యాన్‌లైను సంస్థలో చేరి యమ్మజూచినాడు. సరుకువర్ణనము ఇంగ్లీషున ఎవరో వ్రాసియిచ్చిరి. "అమ్మమ్మచేతి యమృతము" అను ధోరణి. సీసాలు దారిలో పగిలినవి. ఉప్పెక్కువయని కొందరు వాపసుచేసిరి. కమీషను, బట్వాడా, వాపసుఖర్చు పోగా చేతికేమియు మిగులలేదు. వాడు నాయొద్దకు వచ్చి చెప్పుకొనగా నేను వర్ణనమును తెలుగున వ్రాసియిచ్చితిని. "ఇది మెట్టనిమ్మ. ఉప్పు కొంచెమెక్కువగ నుండును, నిలువకు అది యవసరము. మూడువారములు ఊరినపిమ్మట తినుడు. కలువాయి ప్రాంతపు తోటలవి, ఇంటిలో పెట్టినది." అంతియే. అలంకారశాస్త్రమున స్వభావోక్తియని యొకటి గలదు. ఉన్నదానిని ఉన్నట్లు, అందముగా జెప్పుట. ఉత్ప్రేక్ష కవికి తగును. సరుకునకు స్వభావోక్తియే చాలును. ఉత్ప్రేక్షకు వాపసుఖర్చు వర్తకుడు చెల్లింపవలెను. నేడు వాడు సంస్థను విడిచిపెట్టలేదు గాని, తన వాట్సాప్ జాబితాను, తన ఖాతాపుస్తకమును వేరుగ నుంచుకొన్నాడు. హైదరాబాదులోని మనవారికి సీసాలు కాదు, ప్లాస్టికు డబ్బాలు పోవుచున్నవి. ధనవంతుడు కాలేదు. కొట్టు తెరచియున్నది.

ఇక మన సీమ శిల్పులమాట. ఉదయగిరి దుర్గమును 1514లో కృష్ణదేవరాయలు గజపతులనుండి గెలుచుకొన్నాడని మన పిల్లలందరును చదువుకొన్నారు. ఆ కొండక్రింద నేటికిని చెక్కగరిటెలు చేయువారున్నారని ఎందరు చదివిరి? నార్ది, బిక్కి, కల్ది, దేవదారి, పాలబరికి మొదలగు చెట్ల కఱ్ఱతో గరిటెలు, చెంచాలు, ఫోర్కులు చేసి, పిడులపై పారసీకపు తీరున పువ్వులు, తీగలు చెక్కుదురు. ఎక్కువగా ముస్లిము కుటుంబములవారు. స్త్రీలును ఈ పనిచేయుదురు. ఈ గరిటెలకు ఉదయగిరి పేరుతో భౌగోళికసూచిక, అనగా జీ.ఐ. నమోదు, లభించియున్నది. వెంకటగిరి చీరకును లభించినది. వెలుగోటివారి యాశ్రయమున పెరిగిన ఆ చీర నూరవనంబరు నూలుతో, జాందానీ పనితో మంచువలె నుండును. వెంకటగిరి 2022 ఏప్రిలునుండి తిరుపతిజిల్లాలో చేరినను, నెల్లూరువారు దానిని పరాయియనరు. 1999నాటి చట్టము 2003 సెప్టెంబరులో అమలులోనికి రాగా, ఆ పేరును దొంగిలించి తప్పుసరుకుపై వేసినవానికి మూడేండ్లవరకు కారాగారశిక్ష విధించు వీలు కలిగినది. కాని చట్టము పేరును కాపాడును గాని, పేరు వ్రాయకుండినవానిని ఏమియు చేయజాలదు. నడుమవర్తకుడు "చేతిపని గరిటెలు" అని మాత్రము వ్రాసి, ఉదయగిరి యని గాని, చేసినవాని పేరు గాని వ్రాయకున్నచో, ఆ నమోదు వృథా. మరమగ్గపు బట్టను చేనేతయని యమ్ముట దేశవ్యాధి. దానికై 2006లో చేనేతముద్ర, 2015లో ఇండియా హ్యాండ్లూము బ్రాండు ఏర్పడెను. ఆ ముద్రలను చూపు వర్తకుడే నేతగానికి బంధువు.

సంఘములు ఇందు తోడ్పడిన దృష్టాంతములున్నవి. 1976లో నేతసహకారసంఘముల కేంద్రసంస్థలు రెండును కలిసి ఆప్కో యయ్యెను. అది 2020లో తన వస్త్రములను గొప్ప ఆన్‌లైను సంస్థలలో పెట్టెను. బెంగుళూరున గోకూప్ అను సంస్థ తెలుగువాని చొరవతో నేతసహకారసంఘములను నేరుగ కొనువారితో కలుపుటకై ఏర్పడి, చేనేత విక్రయమునకై 2016లో జాతీయబహుమానమును పొందెను. కేంద్రప్రభుత్వమువారు 2021 డిసెంబరులో ఓ.ఎన్.డి.సి. యను సంస్థను నెలకొల్పిరి. 2022 ఏప్రిలులో బెంగుళూరు, కోయంబత్తూరు మొదలగు ఐదుచోట్ల పరీక్షించిరి. దాని తత్త్వమేమన, అంగడి యొకసారి నమోదైనచో ఏ కొనుగోలు ఆప్‌నుండియైన దానిని చూడవచ్చును. ఒకే యింటిలో చిక్కుపడదు. ఇది రేవువంటిది, ఒకరి కొట్టు కాదు. గణపతిదేవుని దృష్టి ఇట్టిదే. దాని ఫలమును తేల్చుటకు ఇంకను కాలము పట్టును.

పొట్టి శ్రీరాములుగారి పేరు మన జిల్లాకు 2008లో పెట్టిరి. ఆయన పూర్వులు నాడు నెల్లూరుజిల్లాలోనిదైన కనిగిరి తాలూకా పడమటిపల్లెవారు. 1952నాటి ఆత్మార్పణము నందరమును స్మరింతుము. 1943, 44 సంవత్సరములందు ఆయన ఈ జిల్లాలో రాట్నప్రచారము చేయుచు ఊరూర తిరిగిన సంగతి, 1946లో నెల్లూరు మూలాపేట వేణుగోపాలస్వామి యాలయమున హరిజనప్రవేశమునకై నిరాహారదీక్ష పట్టిన సంగతి మన సభలలో తక్కువగా వినబడును. వైశ్యకులమున పుట్టినవాడు నూలువడుకువానికొరకు తిరిగెను. మన యువకులు ఆన్‌లైను అంగళ్ళు తెరచునప్పుడు మన సరుకునే కాక, ఉదయగిరి ముస్లిము గరిటెపనివారి సరుకును, వెంకటగిరి సాలెవారి సరుకును, వారి పేర్లతోనే, వారికి లెక్కచూపి అమ్మినచో ఆ స్మరణమున కర్థముండును. వారి పద్దు వారికే తెలియవలెను. నూటికెంత మనకు, ఎంత బట్వాడాకు, ఎంత చేసినవానికి అని చీటీ వ్రాసి యీయవలెను. చదువురానివానికి చదివి వినిపింపవలెను.

పోషకమహాశయులు సంఘనిధికి చందాలిచ్చునప్పుడు, కల్యాణమంటపమునకు రాయివేయించుట మంచిదే. ఒక చిన్నగదికూడ వేయింపుడు. అందు మంచి వెలుతురులో సరుకు ఫొటోలు తీయు బల్ల, తూచు కాటా, అట్టపెట్టెలు, చదివిన పిల్లలిరువురు. చిన్నవర్తకు డచ్చటికి వచ్చునెడల వానికి కావలసినవి అచ్చట దొరకవలెను. పచ్చడివారికి ఆహారభద్రతాచట్టము 2006 ప్రకారము నమోదు, పొట్లముపై బరువు, ధర, తేదీ యెట్లు వ్రాయవలెనో చెప్పువారు. జీఎస్టీ విషయమున నొకమాట. 2017 జూలై 1నుండి అది వచ్చినప్పుడు ఆన్‌లైనున సరుకమ్ము ప్రతివాడును ఎంత చిన్నవాడైనను నమోదు కావలసియుండెను. 2023 అక్టోబరు 1నుండి స్వరాష్ట్రములోనే అమ్ముకొను చిన్నవర్తకులకు, వ్యాపారము పరిమితిలోపల నున్నచో, మినహాయింపు కలిగినది. ఈ సంగతి తెలియక భయపడి వెనుకాడినవారు మన ప్రాంతమున నెందరో గలరు. 2020నాటి ఈ-కామర్సు నియమములు కొనువానికి అమ్ముదారు పేరును, చిరునామాను, ఫిర్యాదు వినువానిని తెలుపవలెనని శాసించినవి. అనగా మన పేరును దాచుట నేటి చట్టమునకు సమ్మతము కాదు. ఎవరి పేరు దాచవలసిన యవసరము వర్తకునకేల గలుగును?

ఈ సంచిక వెనుకపుటలయందు మన సభ్యుల అంగళ్ళ ప్రకటన లున్నవి. వస్త్రములు, బంగారము, కిరాణము, ఎరువులు, ఇనుపసామాను. అచ్చువేయుటకు ముందు వానిని నాకు చూపిరి. అందు యజమాని ఫొటో, వాని పితృదేవతల ఫొటోలు, ఫోను సంఖ్యలు గలవు. సరుకునకు పుట్టినయూరు ఒక్కదానియందును లేదు. ఆన్‌లైను అంగడికి గూడ మొదట కావలసినది ఆ పంక్తియే. వచ్చు సంవత్సరపు సంచికనుండి, ప్రతిప్రకటనకును క్రింద "ఈ సరుకును చేసినవారు, చేసినయూరు" అని యొకపంక్తి అచ్చువేయవలసినదని సంపాదకవర్గమువారిని కోరుచున్నాను. ఆ పంక్తికి రుసుము పుచ్చుకొనకుందురు గాక.